పొద్దున మాత్రమే అరిచే కారు

ఆ కారుకి రెండు గొంతులు. పొద్దున్నే తాళం తిప్పగానే బానెట్ కింద ఎవరో కూర్చుని ఒంటివేలితో టైపు కొడుతున్నట్టు టకటకటకటక మోత. సరిగ్గా రెండు నిమిషాలు. ఆ తర్వాత గప్‌చుప్. ఇక రోజంతా ఇంజిను ఎంత మర్యాదగా ఉంటుందంటే, పక్క సీట్లో కూర్చున్నవాళ్లు "ఆన్‌లోనే ఉందా?" అని అడగాలి.

కొన్న ఆరో రోజున ఆ మోతని మొదటిసారి పట్టించుకున్నది గుమాస్తా గారు. మొదటి ఐదు రోజులూ పక్కింటివాళ్ల కుట్టుమిషను అనుకున్నాడు.

గుమాస్తా గారు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం. నాలుగో కిటికీ. కుళాయి రావడం లేదు మొర్రో అని వచ్చినవాళ్లందరికీ "పరిశీలించగా లోపమేమీ కనబడలేదు" అని రబ్బరు స్టాంపు గుద్ది పంపడం ఇరవై రెండేళ్లుగా ఆయన వృత్తి, ప్రవృత్తి. నీళ్లు ఇవ్వలేని ఆఫీసు కనీసం నీళ్లు నమలకుండా జవాబివ్వాలని ఆయన సిద్ధాంతం. నోటితో చెప్పినదాన్ని చెవిలోకి రానివ్వడు. "రాసిస్తే ఫిర్యాదు, చెబితే పుకారు" అంటాడు. లోకంలో మనుషులు రెండు రకాలని ఆయన నమ్మకం: అర్జీ రాయడం వచ్చినవాళ్లు, ఆయన విసుక్కోవాల్సినవాళ్లు. రెండో రకం వాళ్ల సంఖ్య ఏటా పెరుగుతోందని ఆయన బెంగ.

అలాంటి మనిషి కారు కొంటే ఎలా కొంటాడు? కాగితాలు చూసి కొంటాడు. పాత కార్ల షోరూంలో బావమరిది బానెట్ ఎత్తి చూద్దామంటుంటే, ఈయన వారంటీ పుస్తకం ఎత్తి చూశాడు. బావమరిది టాక్సీ తోలేవాడు. కాబట్టి ఈయన లెక్కలో రెండో రకం. పుస్తకం ఇరవై నాలుగు పేజీలు, అచ్చుతప్పు ఒక్కటి లేదు, ఇంజినుకి తొంభై రోజుల పూచీ.

"ఇంత శుభ్రంగా రాసినవాళ్లు అబద్ధం ఎందుకు రాస్తారోయ్?" అన్నాడు గుమాస్తా గారు.

"బావా, రేపు నువ్వు తొక్కేది పుస్తకాన్ని కాదు. పొద్దున్నే ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వచ్చి ఓసారి విందాం."

"షోరూం తెరిచేది పదింటికి. పొద్దున్నే వచ్చి షట్టరు వింటావా?"

 కారు కొనేశారు. అసలు కారు అనే మాటలోనే కాదనడం ఉంది. అమ్మినవారు నిజం చెప్పినవారు కారు, కొన్నవారు సుఖపడినవారు కారు, బాగుచేసేవారు ఎన్నటికీ బాగుచేసేవారు కారు.

ఇంతకీ ఆ కారు ఆయన షికారుకి కాదు, ఆవిడ కోసం. ఆయన భార్య ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ల కాళ్లూ చేతులూ ఆడించి మళ్లీ నడిపించే పని. పదకొండేళ్లుగా రోజుకి నాలుగు బస్సులు మారి ఓ క్లినిక్కుకి వెళ్లి వస్తోంది. ఇప్పుడు పెద్దాసుపత్రివాళ్లు ఇంటింటికీ తిరిగే బృందంలో చోటిచ్చారు. షరతు ఒక్కటే: సొంత బండి ఉండాలి, అది ఏ రోజూ మొరాయించకూడదు. మొదటి నెలలో ఒక్క పేషెంటు ఇంటికి వెళ్లలేకపోయినా, జాబితాలో తర్వాతి పేరు పిలిచేస్తారు. ఆవిడ క్లినిక్కులో రాజీనామా ఇచ్చేసింది. కొత్త ఉద్యోగం ఒకటో తారీకున, గురువారం. వారంటీ అయిపోయేది దానికి ముందు శనివారం, సాయంత్రం ఆరింటికి.

మోతని బావమరిది ఫోనులోనే విని తేల్చేశాడు. "బావా, అది లోపలి చైను. వదులైంది. ఆయిలు పైకి ఎక్కేదాకా కొట్టుకుంటుంది, ఎక్కాక నోరు మూసుకుంటుంది. ఇవాళ టకటకే. రేపో ఎల్లుండో నడిరోడ్డు మీద తెగుతుంది. అప్పుడిక ఇంజిను తీసి తూకానికి అమ్ముకోవడమే. వారంటీలో ఉండగా మార్పించుకో."

"మార్పించడానికేం? రాసి ఇస్తా."

"రాయి, రాయి. ఇంజినుకి చదువొచ్చేమో చూద్దాం. అక్కకి మాత్రం బస్సు పాసు రద్దు చేయించొద్దని చెప్పు."

వారంటీ ఇచ్చిన కంపెనీ వర్క్‌షాప్ ఊరికి ఆ చివర. ముప్పావుగంట ప్రయాణం. రెండు నిమిషాల్లో నోరు మూసుకునే ఇంజిను ముప్పావుగంట తర్వాత ఎలా ఉంటుంది? అత్తగారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడిలా ఉంటుంది. అంత వినయంతోనే లోపలికి వెళ్లింది.

వెయిటింగ్ హాల్లో గాజు గోడ, గోడకి "మీ నమ్మకమే మా ఇంధనం" అన్న బోర్డు, బోర్డు కింద టీ మిషను. వారంటీ అనే మాటకి అసలు అర్థం గుమాస్తా గారికి అక్కడే బోధపడింది: వారానికోసారి వెళ్తే, టీ.

మేనేజరుకి నవ్వు కంపెనీలోనే బిగించి పంపినట్టుంది. ఎంత తిట్టినా ఊడదు. హెడ్ మెకానిక్‌కి మాటలు బిగించడం మర్చిపోయినట్టుంది; "ఊఁ" తప్ప మరొకటి రాదు. మెక్కి, ఆనక నిక్కేవాడే మెకానిక్ అని గుమాస్తా గారు చూడగానే నిర్ణయించేశాడు. ఆ నిక్కేవాడు తాళం తిప్పి, రెండు క్షణాలు విని, "ఊఁ" అన్నాడు. మేనేజరు నవ్వుతూ ఒక పసుపుపచ్చ కాగితం చింపి చేతిలో పెట్టాడు.

"పరీక్షించగా ఏ లోపమూ కనబడలేదు."

గుమాస్తా గారికి తల కొట్టేసినట్టయింది. అది తన వాక్యం! ఇరవై రెండేళ్లుగా తాను జనం మొహాన కొడుతున్న వాక్యం, ఇవాళ తన మొహాన వచ్చి పడింది. అదైనా సరిగ్గా ఉందా? "'ఏ లోపమూ' ఏమిటి, 'లోపమేమీ' అని ఏడవాలి. ఎత్తుకెళ్లినవాడు చక్కగా ఎత్తుకెళ్లొద్దూ?" అని దారంతా గొణుక్కున్నాడు.

"ఏమైందండీ?" అని అడిగింది భార్య.

"లోపం కనబడలేదట."

"మోత కనబడుతుందా? వినబడుతుంది గానీ."

"అదే రాస్తాను."

రాశాడు. రిజిస్టర్డ్ పోస్టులో, మూడు పేజీలు, నకలు జతచేసి. జవాబు కోసం మూడు వారాలు ఎదురుచూశాడు. ఇంకొకటి రాశాడు. ఇంకో మూడు వారాలు. బుర్ర ఉన్నవాడెవడైనా ఆ ఆరు వారాల్లో ఆరుసార్లు వెళ్లి మేనేజరు పీక పట్టుకునేవాడు. కాగితం మనిషికి మాత్రం పోస్టులో వేసిన ఉత్తరం అంటే పని అయిపోయినట్టే లెక్క. చివరికి జవాబొచ్చింది: "దయచేసి వాహనాన్ని తీసుకురండి."

రెండోసారి తెలివిగా ఆ మోతని ఫోనులో రికార్డు చేసుకుని వెళ్లాడు. మేనేజరు విని, తల ఊపి, మెచ్చుకున్నాడు కూడా. "బాగా వినిపిస్తోంది సార్. కానీ ఫోనులో ఉన్న మోతకి వారంటీ లేదు సార్, మా దగ్గరున్న బండిలో మోగాలి. ఒక పని చేయండి, సాయంత్రం వదిలి వెళ్లండి. రేపు పొద్దున తొమ్మిదింటికి, ఇంజిను మంచులా ఉన్నప్పుడు మావాడు వింటాడు."

న్యాయంగానే ఉంది. వదిలేసి వెళ్లాడు. మర్నాడు వచ్చేసరికి మళ్లీ పసుపుపచ్చ కాగితం, మళ్లీ అదే వాక్యం, మళ్లీ అదే తప్పు. మంచులా చల్లారిన ఇంజిను టకటక అనలేదంటే ఏమిటి అర్థం? కుట్ర! గుమాస్తా గారి మొహం మాడిన పెనంలా అయింది. కారెక్కి తలుపు దబాలున వేసుకున్నాడు. గేటు దాటబోతుంటే కార్లు కడిగే ఆవిడ అడ్డం వచ్చి, రబ్బరు బూట్లతో నీళ్లలో టపటపలాడుతూ, పైపు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో అద్దం తట్టింది.

"సార్, మీ బండి పొద్దున..."

"ఇదిగో చూడమ్మా," అన్నాడు ఆయన అద్దం నాలుగు వేళ్లంత దించి, "ఏదైనా చెప్పాలంటే రాసి మీ మేనేజరుకి ఇవ్వు. దార్లో నిలబడి చెప్పేవన్నీ వినడానికి నేను ఖాళీగా లేను." అద్దం ఎత్తేశాడు. ఆవిడ ఆ అద్దాన్ని ఒక క్షణం చూసి, అలవాటు కొద్దీ దాని మీద మరకని మోచేత్తో తుడిచి, పక్కకి తప్పుకుంది.

ఇక మిగిలింది ఒక్క అవకాశం. వారంటీ పుస్తకం పదిహేడో పేజీలో స్పష్టంగా ఉంది: మూడు పరీక్షల్లో లోపం కనబడకపోతే ఆ ఫిర్యాదు శాశ్వతంగా మూసివేయబడును. ఆ నిబంధన చూసి గుమాస్తా గారికి కోపం రాలేదు, కుళ్లు వచ్చింది. తన ఆఫీసులోనూ అదే నిబంధన. రాసింది తనే. వీళ్లది ఇంకా క్లుప్తంగా ఉంది.

వారంటీ ముగిసేందుకు ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, మూడో పరీక్షకి కారు వదులుతూ, ఎవరూ చూడకుండా ఒక పని చేశాడు. ఆఫీసు నుంచి తెచ్చిన కాగితపు చీటీ ఒకటి డ్రైవరు తలుపుకీ పక్క తలుపుకీ కలిపి జిగురుతో అంటించి, దాని మీద ఎర్ర సిరాతో ఆఫీసు ముద్ర గుద్ది, సంతకం పెట్టి, తారీకు వేశాడు. ఈ దొంగలు తెల్లారే లోపు తలుపు తీసి ఇంజిను వేడిచేస్తే చీటీ చిరుగుతుంది. చిరిగితే దొరికారన్నమాటే. రెండు చుక్కల జిగురుతో ఒక కంపెనీని కట్టిపడేశాననుకుంటూ బస్సెక్కాడు.

శనివారం ఎనిమిదిన్నరకే గేటు దగ్గర దిగాడు. కార్లన్నీ తల దువ్వించుకున్న పిల్లల్లా వరసగా, నీళ్లోడుతూ, మెరుస్తూ నిలబడి ఉన్నాయి. ఆయనది నాలుగోది. పరుగెత్తుకెళ్లి తలుపు చూశాడు. చీటీ చిరగలేదు. అసలు చీటీయే లేదు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా, ఇప్పుడే నిద్రలేచిన పిల్లి వీపులా ఉంది.

తొమ్మిదింటికి మేనేజరు వచ్చి, గేటు దగ్గర ఆగి, సైన్యాన్ని చూసుకునే సేనాపతిలా ఆ మెరిసే వరసని ఓసారి చూసుకుని లోపలికి అడుగు పెట్టాడో లేదో గుమాస్తా గారు మీద పడ్డాడు.

"నా సీలు ఏదయ్యా?"

"ఏ సీలు సార్?"

"తెల్లారకుండా వచ్చి ఇంజిను వేడిచేసి, సాక్ష్యం మాయం చేసి, ఇప్పుడు ఏ సీలు అంటావా?"

మేనేజరు నవ్వుతూనే అయోమయంగా చూశాడు. "తెల్లారకుండానా? నేనా? సార్, నేను తొమ్మిదికి ఇక్కడ ఉండటమే మా ఇంట్లో వింతగా చెప్పుకుంటారు."

వెనక నీళ్ల చప్పుడు ఆగింది. కార్లు కడిగే ఆవిడ పైపు మెలిపెట్టి పట్టుకుని నిలబడింది. "తలుపుకి అంటించిన కాగితమా? నానిపోయి ఎర్రరంగు కారుతుంటే కడిగేశాను. పెయింటు పాడవుతుందని."

"అది ఆఫీసు ముద్ర! కడగడానికి నువ్వెవరు?"

"కడగడానికే పెట్టుకున్నారు సార్ నన్ను."

"తలుపు తీశావా?"

"తీయకుండా కడిగే ర్యాంపు మీదికి ఎలా ఎక్కుతుంది? చంకనెత్తుకుని వెళ్లనా?" ఆవిడ పైపు వదిలేసింది, నీళ్లు గుమాస్తా గారి చెప్పుల మీదుగా పారాయి. "రోజూ ఏడింటికి వస్తాను. లోపలున్న బళ్లన్నీ ఒక్కొక్కటే స్టార్ట్ చేసి ర్యాంపు ఎక్కించి, కడిగి, వరసలో పెడతాను. తొమ్మిదికి సారు వచ్చేసరికి వరస మెరవాలి. అది ఆయన పెట్టిన రూలే. ఆరేళ్లయింది."

 గుమాస్తా గారి నోట్లోంచి ఒక మాట బయటికొచ్చింది. "మరి... మోత?"

"టకటకా? ర్యాంపు ఎక్కేదాకా ఉంటుంది. అప్పుడూ విన్నాను, ఇవాళా విన్నాను. చెబుదామని వస్తే రాసిమ్మన్నారు. నాకు రాయడం వచ్చు సార్. కానీ ఇన్ని బళ్లు కడుగుతూ మీకు ఉత్తరాలు ఎక్కడ రాయను?"

కార్లని కడిగే మనిషి ఆయన్ని కూడా కడిగి వరసలో పెట్టేసింది.

కుట్ర లేదు. కుట్ర చేయాలంటే కాస్త బుర్ర కావాలి, పొద్దున్నే లేవాలి. ఆ రెండూ అక్కడ ఎవరికీ లేవు. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూలిగే ప్రతి బండినీ ఆరేళ్లుగా ఆవిడ ఏడింటికే వెచ్చబెట్టడం, తొమ్మిదింటికి ఈ పెద్దమనుషులు వచ్చి ఆ వెచ్చటి బండికి చెవి ఆనించి లోపం లేదని సంతకం పెట్టడం. మేనేజరుకి కావాల్సింది మెరుపు. మెకానిక్‌కి కావాల్సింది "ఊఁ". గుమాస్తా గారికి కావాల్సింది కాగితం. ముగ్గురికీ కావాల్సింది దొరుకుతూనే ఉంది. సర్వీసు అంటే సర్వం ఈసురోమనడమే.

మేనేజరు తేరుకుని సైగ చేశాడు. హెడ్ మెకానిక్ తాళం తిప్పాడు. ఇంజిను పెళ్లికూతురిలా తల వంచుకుని గుసగుసలాడింది. "ఊఁ." మేనేజరు పసుపుపచ్చ పుస్తకం బయటికి తీశాడు.

"ఆగు," అన్నాడు గుమాస్తా గారు. వారంటీ పుస్తకంలో ఆయన బలం ఆయనకుంది. "పదిహేడో పేజీ, నాలుగో పేరా. పరీక్ష ఆ రోజు పనివేళలు ముగిసేలోగా ఎప్పుడైనా జరపవచ్చును. నేను సాయంత్రం జరపమంటున్నాను. చల్లారాక."

మేనేజరు పుస్తకం తిరగేశాడు. తన కంపెనీ పుస్తకం ఆయన చదవడం అదే మొదటిసారి. "సాయంత్రం దాకా పెట్టడానికి చోటు లేదు సార్."

"ర్యాంపు వెనక నీడుంది," అంది కడిగే ఆవిడ. "నేనైతే దాన్ని కదపను."

స్టార్ట్ చేయకూడదు కాబట్టి తొయ్యాల్సి వచ్చింది. ఇస్త్రీ ప్యాంటుతో బురదలో కాళ్లు జారుతూ గుమాస్తా గారు వెనక నుంచి, తలుపు తీసి స్టీరింగు పట్టుకుని ఆవిడ పక్క నుంచి. ఆయన తోశానని అనుకున్నాడు. బండి మాత్రం ఆవిడ ఎటు చెబితే అటే వెళ్లింది.

"ఎప్పటికి చల్లారుతుందో మీకేమైనా తెలుసా?" ఇరవై రెండేళ్లలో ఆయన ఒకరిని నోటితో ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు. 'మీకు' అన్న మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు.

"బానెట్ ఎత్తి పెట్టండి. ఐదు దాటాక చూద్దాం. ఎవరినీ తాళం ముట్టుకోనివ్వకండి."

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా మేనేజరు మూడుసార్లు మనుషుల్ని పంపాడు, ఒకసారి బండి అడ్డమని, ఒకసారి ర్యాంపు రిపేరని, ఒకసారి ఊరికే. ఆయన లేవలేదు. చేయడానికి పనీ, రాయడానికి కాగితమూ లేక, చెవులు ఖాళీగా ఉండి, ఆవిడ చెప్పేవన్నీ విన్నాడు.

"ఆ తెల్లబండి పొద్దున్నే కీచుమంటుంది, బెల్టు. ఆ నీలంది రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది, మూడోసారికి లేస్తుంది. ఆ పక్కది వెనక నల్లపొగ. తొమ్మిదయ్యేసరికి అన్నీ బుద్ధిమంతులే."

"మేనేజరుకి చెప్పలేదా?"

"మొదటి ఏడాది చెప్పాను. నువ్వు కడుగు చాలు అన్నాడు. కడుగుతున్నాను."

ఐదింటికి భార్య వచ్చింది, క్లినిక్కు నుంచి తిన్నగా, రెండు బస్సులు మారి. బురద ప్యాంటుతో బకెట్టు మీద కూర్చున్న మొగుణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. "నాలుగో కిటికీ ఇక్కడికి మార్చారా ఏమిటండీ?"

"నవ్వకు. అంతా చెబుతాను."

"మీరు చెప్పొద్దు, రాసిచ్చేస్తారు," అని కడిగే ఆవిడ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా." ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పింది. భార్య వంగి బానెట్ లోపల ఇంజిను మీద అరచెయ్యి ఆనించింది, రోజూ చచ్చుబడ్డ కాళ్ల మీద ఆనించినట్టే. చెయ్యి తీయకుండానే అంది, "ఇది ఇప్పుడు అరవకపోతే, గురువారం నుంచి నాకు ఆ పనీ లేదు, ఈ పనీ లేదు."

ఐదున్నరకి అందరూ పోగయ్యారు. మేనేజరు, హెడ్ మెకానిక్, వాళ్ల వెనకే వెయిటింగ్ హాల్లో టీ తాగి తాగి విసిగిపోయిన తెల్లబండి యజమాని; ఆయన గొడుగు పట్టుకున్న ఓ రిటైరైన బ్యాంకు ఆఫీసరు. హెడ్ మెకానిక్ తాళం తిప్పాడు.

టకటకటకటకటక.

పొద్దుటంత గట్టిగా లేదు. కానీ ఉంది. మేనేజరు పెద్దగా దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. ఫోను తీసి ఎవరితోనో గట్టిగా హలో హలో అన్నాడు. ఎంత అరిచినా రెండు దగ్గుల మధ్య సందులోంచి టకటక వినిపిస్తూనే ఉంది. అర నిమిషానికి ఆగింది. హెడ్ మెకానిక్ బయటికి వచ్చి చేతులు తుడుచుకుని, జీవితంలో మొదటిసారి రెండు మాటలు కలిపి పలికాడు. "చైను సార్."

"అంటే నాదీ?" అన్నాడు గొడుగాయన. "పొద్దున్నే కీచుమంటోందని నేను మొత్తుకుంటుంటే మూడు పచ్చకాగితాలు ఇచ్చారు కదయ్యా!"

మేనేజరు గుమాస్తా గారినీ భార్యనీ గబగబా గాజుగదిలోకి తోలుకెళ్లాడు. కంప్యూటరు మీద టపటపా కొట్టి ఒక కాగితం తీసి ముందు పెట్టాడు. చైను మార్పిడికి అనుమతి. "సంతకం పెట్టండి సార్, ఆరు దాటితే సిస్టం తీసుకోదు."

గోడ గడియారంలో ఐదూ నలభై ఐదు. గుమాస్తా గారు చదివాడు. మొదటి వాక్యం బ్రహ్మాండం: లోపము నిర్ధారించబడినది. రెండో వాక్యం: వాహనములు కడుగు సిబ్బంది అనుమతి లేకుండా ఇంజిను నడిపినందున పరిశీలనలో జాప్యము జరిగినది, సదరు సిబ్బందిని తొలగించనైనది, దీనిని కస్టమరు ధ్రువీకరిస్తున్నారు.

ఆ వాక్యం ఆయనకి చిన్ననాటి స్నేహితుడిలా కనిపించింది. ఇలాంటివి తాను ఎన్ని రాయలేదు! పైపు పగిలితే మట్టి తవ్వినవాడి మీద, నీళ్లు రాకపోతే వాల్వు తిప్పేవాడి మీద. జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

"చదివారా?" అంది భార్య.

"చదివా. మన పని అయిపోతుంది."

"రెండో వాక్యం?"

"అది మామూలే. ప్రతి ఫైల్లో ఒకటి ఉంటుంది."

ఆవిడ చూసిన చూపుకి పెన్నులో సిరా గడ్డకట్టాలి. "నా ఫైల్లో కూడా ఉందండీ ఒకటి. మూడేళ్ల కిందట క్లినిక్కులో బల్ల కాలు విరిగి పేషెంటు పడిపోయాడు. విరిగింది బల్ల, రాసింది నా పేరు. అది రాసినవాడూ మామూలే అనే ఉంటాడు." మేనేజరు వైపు తిరిగింది. "ఆ వాక్యం తీసేయండి."

"కుదరదమ్మా. పై ఆఫీసుకి ఏదో కారణం చూపించాలి."

"కారణం మీ రూలు. అది రాయండి."

"అలా రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"తీయకపోతే ఆవిడది పోతుంది. తీయమని పట్టుబడితే నాది పోతుంది, అంతేగా? ఐదు రోజుల్లో బండి లేకపోతే నన్ను పిలవరు. తెలిసే చెబుతున్నాను. ఆ మాటకి మా సంతకం ఉండదు."

ఐదూ యాభై. గుమాస్తా గారు భార్యని చూశాడు. పదకొండేళ్లు బస్సుల్లో నిలబడి ప్రయాణం చేసిన మనిషి, కూర్చునే వీలు వచ్చిన రోజున మళ్లీ నిలబడింది. ఆయనకి సిగ్గు వేసిందో, భయమే వేసిందో గానీ కాగితం ముందుకు లాక్కుని రెండో వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాన్ని తిరగేసి, వెనక వైపున, ఇరవై రెండేళ్ల అనుభవం మొత్తం పెట్టి గుండ్రటి అక్షరాలతో రాశాడు: ప్రతి ఉదయము ఏడు గంటలకు వాహనములన్నిటినీ నడిపి, కడిగి, వరుసలో ఉంచవలెనన్న మేనేజరు గారి ఆదేశము వలన, ఆరు సంవత్సరములుగా ఇచ్చట జరిగిన పరీక్షలేవియు చెల్లవు.

"ఇది నేనొక్కడినే కాదు," అన్నాడు గాజు గోడ అవతలికి చూపిస్తూ, "గొడుగాయన కూడా సంతకం పెడతాడు. ఆ నీలంబండివాళ్లూ, పొగబండివాళ్లూ కూడా. ఎవరి బండి ఎలా ఏడుస్తుందో నా దగ్గర మొత్తం వివరాలున్నాయి. కొట్టేసిన వాక్యం కింద నువ్వు సంతకం పెడితే ఈ వెనక రాసింది ఇక్కడితో ఆగుతుంది. లేదంటే పై ఆఫీసుకి వెళ్తుంది. నేను ఉత్తరాలు రాయడంలో ఎలాంటివాడినో నీకు తెలుసు."

గాజు అవతల గొడుగాయన గొడుగుతో గోడ మీద ఠకఠకా కొడుతున్నాడు. మేనేజరు నవ్వు ఒక వైపు మేకు ఊడిన బోర్డులా వేలాడింది. కొత్తగా కాగితం తీశాడు, ఒకే వాక్యంతో. తను సంతకం పెట్టి, గుమాస్తా గారితోనూ పెట్టించాడు. ఐదూ యాభై ఏడు.

బయటికి వచ్చేసరికి కడిగే ఆవిడ తాళం కోసం చెయ్యి చాపి నిలబడి ఉంది. బండిని లోపల రిపేరు చోటుకి పెట్టాలి, ఆ ఇరుకులోకి ఆవిడ తప్ప ఎవరూ తిప్పలేరు. గుమాస్తా గారు చొక్కా సర్దుకుని, గొంతు పెంచి మొదలుపెట్టాడు. "చూడండమ్మా, లోపల మీ గురించి ఒక చెడ్డ వాక్యం రాశారు. నేనే దగ్గరుండి..."

"మీరు సంతకం పెట్టబోయారు సార్," అంది ఆవిడ. "అది గాజు గది."

గుమాస్తా గారు తాళం ఆవిడ చేతిలో పెట్టేశాడు. భార్య నవ్వు ఆపుకోలేదు. అసలు ఆపుకోవాలనే అనుకోలేదు. తర్వాత మొహం మామూలుగా పెట్టి, మేనేజరునీ మెకానిక్‌నీ వదిలేసి, ఆవిడనే అడిగింది. "చైను మార్చడం ఎప్పటికి అవుతుందమ్మా?"

"మంగళవారానికి బిగించేస్తారు. మీరు బుధవారం పొద్దున ఏడింటికి రండి. మీ బండి నేను ముట్టుకోను. మీరే తాళం తిప్పి, మీరే వినండి. టకటక రాకపోతేనే తీసుకెళ్లండి, వీళ్లు ఏ కాగితం ఇచ్చినా సరే."

"ఈయన్ని కూడా తీసుకురమ్మంటారా?"

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, అద్దం పూర్తిగా దించింది.

"ఎందుకు? మీకు చెవులున్నాయిగా."